డ్రమ్ములో అంజూర చెట్టు, అత్తయ్య అడిగిన పురుగు ప్రశ్న

కిందటి మే నెలలో గతౌరా వెళ్లినప్పుడు అత్తయ్య నా ముందు స్టీలు పళ్లెంలో నాలుగు అంజూర పళ్లు పెట్టింది. తను మాత్రం ఒక్కటి కూడా ముట్టలేదు. ఎందుకని అడిగితే ఫోను తీసి ఒక వీడియో చూపించింది. అంజూర పండు లోపల చచ్చిన కందిరీగ ఉంటుందనీ, కాబట్టి అది శాకాహారం కాదనీ ఒకాయన గట్టిగా చెబుతున్నాడు.

"ఒరే, నువ్వు ఫిజిక్సు చదివేవు కదా, ఇదేటో తేల్చి చెప్పు. మొదటి పండు దేవుడి దగ్గర పెట్టేను ఇన్నాళ్లూ. లోపల పురుగుంటే మరి ఎలాగ?" అంది.

ఆవిడ అడిగిన తీరులో వెటకారం లేదు, నిజంగానే బాధ ఉంది. పక్క క్వార్టర్ల పిల్లలకు పళ్లు పంచేస్తోంది కానీ తను తినడం లేదు. ఆ చెట్టును అయిదేళ్లుగా పెంచిన మావయ్య మాత్రం ఏమీ మాట్లాడకుండా పేపరు చదువుకుంటున్నాడు.

బిలాస్‌పూర్ జంక్షన్ నుంచి హౌరా వైపు వెళ్లే లైన్లో, కొద్ది దూరంలోనే వచ్చే స్టేషన్ గతౌరా. కోర్బా గనుల బొగ్గు రేకులు రాత్రీపగలూ ఆ దారిలో నడుస్తుంటాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగాల కోసం ఇటు వస్తూనే ఉన్నాయి. మావయ్యదీ అదే దారి. ఆయన గూడ్సు రైలు గార్డు. ఇప్పుడా ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ ఇంట్లో ఇంకా గార్డే. రెండు గదుల క్వార్టరు వెనక పది అడుగుల పెరడు, అందులో తులసి, కరివేపాకు, ఒక మూల సగానికి కోసిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. అంజూర చెట్టు ఆ డ్రమ్ములోనే ఉంది. పుణె వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక సహోద్యోగి ఇచ్చిన కొమ్మ నుంచి లేచిన చెట్టది.

మేడిపండు సంగతి వేరు

అత్తయ్య ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు మేడిపండు దగ్గర మొదలుపెట్టాలి. పొట్ట విప్పితే పురుగులుంటాయని వేమన చెప్పిన పండు. తెలుగు బడిలో ఆ పద్యం చదవని వాళ్లుండరు. ఛత్తీస్‌గఢ్‌లో ఆ చెట్టును డూమర్ అంటారు. శాస్త్రీయ నామం ఫైకస్ రసిమోసా. అంజూర దాని దాయాది, ఫైకస్ కారికా. సీమమేడి అని మన పెద్దలు దానికి పెట్టిన పేరు చుట్టరికాన్ని సరిగ్గానే పట్టుకుంది. మర్రి, రావి, జువ్వి కూడా ఈ కుటుంబంలోవే. ప్రపంచంలో ఫైకస్ జాతులు 750కి పైగా ఉన్నాయి.

ఈ చెట్లన్నిటికీ ఒక వింత ఉంది. పువ్వు బయటికి కనిపించదు. మనం కాయ అనుకునేది నిజానికి లోపలికి తిప్పిన పూలగుత్తి. కండగల సంచి లోపలి గోడంతా వందల కొద్దీ చిన్నచిన్న పూలు. ఆ సంచికి ఒకటే దారి, అడుగున ఉండే సన్నని రంధ్రం. తోటవాళ్లు దాన్ని కన్ను అంటారు. తేనెటీగ, సీతాకోకచిలుక లోపలికి వెళ్లలేవు. వెళ్లగలిగేది సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవుండే ఒక చిన్న కందిరీగ మాత్రమే. అది కూడా సాధారణంగా ఒక్కో ఫైకస్ జాతికి ఒక్కో కందిరీగ జాతి. ఈ చెలిమి వయసు సుమారు 8 కోట్ల ఏళ్లని శాస్త్రవేత్తల అంచనా.

మేడికాయలో జరిగేది ఇది. పుప్పొడి మోసుకొచ్చిన ఆడ కందిరీగ కన్ను గుండా ఇరుక్కుంటూ దూరుతుంది. ఆ తోపులాటలో రెక్కలు ఊడిపోతాయి. కొన్ని పూలకు పుప్పొడి అంటిస్తుంది, కొన్ని పూల అండాశయాల్లో గుడ్లు పెడుతుంది, అక్కడే చనిపోతుంది. కొన్ని వారాల తర్వాత పిల్లలు బయటికొస్తాయి. మగవాటికి రెక్కలుండవు. ఆడవాటితో కలిశాక అవి కాయ గోడకు సొరంగం తవ్వి, చాలావరకు ఆ కాయ దాటకుండానే చనిపోతాయి. ఆడవి పుప్పొడి పూసుకుని ఆ దారిన బయటికి ఎగిరిపోతాయి. ఆ తర్వాత వాటికి మిగిలే ఆయుష్షు ఒకటి రెండు రోజులే. ఆలోపు గాలివాటున మరో చెట్టును పట్టుకోవాలి. నమీబియా ఎడారిలో ఒక అత్తిజాతి చెట్ల మధ్య ఇవి 160 కిలోమీటర్ల దూరం దాకా పుప్పొడి మోశాయని 2009లో జన్యు పరీక్షలతో తేల్చారు. రెండు మిల్లీమీటర్ల ప్రాణికి అది ఎంత దూరమో ఊహించుకోండి.

కాబట్టి వేమన చూసింది నిజమే. కాకపోతే ఆ పురుగులు లేకపోతే మేడిచెట్టుకు విత్తనమే లేదు.

ఇక అంజూర. ఇందులో చెట్లు రెండు రకాలు. ఒకటి పుప్పొడి ఇచ్చేది, కందిరీగ పిల్లలు పెరిగేది, సాధారణంగా మనం తినని కాయలు కాసేది. రెండోది మనం తినే పళ్లు కాసేది. రెండో రకం చెట్టులోనూ కొన్ని జాతులకు కందిరీగ తప్పనిసరి. టర్కీలోని స్మిర్నా అంజూర అలాంటిదే. 1880ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాకు స్మిర్నా మొక్కలు తెచ్చి నాటుకున్న రైతులకు కాయలు పండక ముందే రాలిపోయాయి. నాసిరకం కొమ్మలు అంటగట్టారని కొందరు అనుమానించారు. పుప్పొడి చెట్టు కొమ్మలు తెచ్చి పక్కన వేలాడదీయాలని తెలిసినవాళ్లు చెబితే, అదంతా పాతకాలపు మూఢనమ్మకమని కొట్టిపారేసిన వాళ్లూ ఉన్నారు. చివరికి బ్లాస్టోఫేగా సెనిస్ అనే కందిరీగను తెప్పించి, 1899లో ఫ్రెస్నో దగ్గర అది స్థిరపడ్డాక గానీ ఆ తోటలు పండలేదు.

మిగతా జాతులు అలా కాదు. పుప్పొడి, కందిరీగ ఏదీ లేకుండానే కాయ పెరిగి పండుతుంది. గింజ లేని అరటి ఎలా కాస్తుందో అలాగే. మహారాష్ట్రలో పుణె దగ్గర పురందర్ ప్రాంతంలో విరివిగా పండించే పూనా అంజూర ఈ రకమే. బళ్లారి, అనంతపురం వైపు తోటల్లో పెంచే డయానా కూడా అంతే. మావయ్య చెట్టు పుణె కొమ్మ. దాని పళ్లలోకి కందిరీగ దూరాల్సిన అవసరం లేదు, దూరకుండానే అది కాస్తోంది.

మాట చెబితే సరిపోదని, అత్తయ్య వంటింట్లోనే చిన్న పరీక్ష చేశాం. పండు గుజ్జును నీళ్లలో బాగా పిసికి, గింజలను కడిగి గాజుగ్లాసులో వేశాం. పుప్పొడి అందిన పువ్వు గింజ లోపల పిండం ఉంటుంది, బరువుగా మునుగుతుంది. పుప్పొడి అందకపోతే పైన పెంకు మాత్రం తయారవుతుంది, లోపల బోలు. అది తేలుతుంది. బజారులో కొన్న ఎండు అంజూరను నానబెట్టి రెండో గ్లాసులో వేశాం. పెరటి పండు గింజలు దాదాపు అన్నీ పైకి తేలాయి. ఎండు అంజూరవి చాలావరకు అడుగుకు చేరాయి.

ఆ రెండో గ్లాసు చూసి అత్తయ్య మొహం మారింది. నేనూ దాచలేదు. స్మిర్నా లాంటి రకాల ఎండు పళ్లలో కందిరీగ దూరి ఉండవచ్చు. ఈ జాతుల తినే పళ్లలో అది గుడ్లు పెట్టలేదు, పూల కీలాలు దానికి అందనంత పొడవు. పుప్పొడి అంటించి చనిపోతుంది. పండులోని ఫిసిన్ అనే ఎంజైము ఆ కీటకాన్ని పూర్తిగా కరిగించేస్తుందని చాలాచోట్ల రాస్తారు. అది సగం నిజం. ఫిసిన్ ప్రోటీన్లను విడగొడుతుంది, మెత్తని భాగాలు పోతాయి. కీటకం పైపెంకులోని కైటిన్ మాత్రం ప్రోటీన్ కాదు. కాబట్టి ఎండు అంజూర తినాలా వద్దా అనేది ఎవరి నియమం వాళ్లది. పెరటి పండు విషయంలో మాత్రం ఆ వీడియో తప్పు.

ఆ సాయంత్రం అత్తయ్య ఒక పండు కడిగి దేవుడి గూట్లో పెట్టింది. తర్వాత తనూ ఒకటి తింది. ఎండు అంజూర డబ్బాను పక్కింటికి ఇచ్చేసింది.

డ్రమ్ము లెక్క

మావయ్య బెంగ వేరే. ఆ ఏడాది కాయలు బాగానే పట్టాయి, కానీ గోళీకాయంత అయ్యాక సగానికి సగం రాలిపోయాయి. ఎరువు తక్కువైందని ఒకరు, బొగ్గు దుమ్మని ఒకరు, దిష్టి తగిలిందని మరొకరు చెప్పారు. ఆయన డ్యూటీకి వేళాపాళా ఉండదు. ఒక్కోసారి 20 గంటల తర్వాత ఇల్లు చేరతాడు. ఏప్రిల్లో అత్తయ్య పెళ్లికని విజయనగరం వెళ్లి పది రోజులు ఉండిపోయింది. నాకు కారణం అక్కడే కనిపించింది. కాగితం మీద లెక్క వేశాం.

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. చెట్టు గొడుగు అడ్డంగా మీటరున్నర, అంటే దాదాపు 1.8 చదరపు మీటర్లు. బిలాస్‌పూర్ ఎండల్లో ఆకుల నుంచి, మట్టి నుంచి రోజుకు 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుంటే రోజుకు సుమారు 11 లీటర్లు కావాలి. 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోస్తే 100 లీటర్లు. పైన అంచు వదిలితే మట్టి 85 లీటర్లు. మంచి ఎరువు కలిపిన మట్టి కూడా తన ఘనపరిమాణంలో ఆరో వంతు నీటినే వేళ్లకు ఇవ్వగలదు, అంటే 14 లీటర్లు. అందులో సగం అయిపోగానే చెట్టుకు కరువు మొదలవుతుంది. అంటే 7 లీటర్లు. ఒక పగలు గడవడానికి కూడా చాలదు.

నేలలో ఉన్న చెట్టు వేళ్లు చాచి దూరం నుంచి నీరు తెచ్చుకుంటుంది. డ్రమ్ములో చెట్టుకు ఆ వీలు లేదు. నీరు అందకపోతే అది ముందు వదిలించుకునేది కాయలనే, తర్వాత ఆకులను. మావయ్య రోజుకు ఒకసారి బక్కెట్టు నిండా పోస్తున్నాడు. మట్టి పట్టుకోగలిగినంత పట్టుకుని మిగతాది అడుగు చిల్లుల గుండా పోయేది. నీరు తక్కువ కాదు, వేళ తప్పు. మేలో పొద్దున సగం, సాయంత్రం సగం పోయాలి. డ్రమ్ము మట్టి మీద నాలుగు వేళ్ల మందాన ఎండుగడ్డి పరిస్తే మట్టి నుంచి పోయే ఆవిరి బాగా తగ్గుతుంది. డ్యూటీ ఎక్కువసేపు ఉన్న రోజుల కోసం పాత సెలైన్ సీసాలకు గొట్టాలు పెట్టి చుక్కలుగా పడే ఏర్పాటు చేశాడు. రైల్వేవాళ్లకు పారేసే వస్తువుతో పనిముట్టు చేయడం ఎవరూ నేర్పక్కర్లేదు.

డ్రమ్ముకు ఇంకో ఇబ్బంది వేడి. నేలలో అడుగు లోతున మట్టి పగలంతా ఎండ కాసినా పెద్దగా వేడెక్కదు. డ్రమ్ముకు పక్కల నుంచీ ఎండ కొడుతుంది. పడమటి ఎండకు నీలం ప్లాస్టిక్ చెయ్యి పెట్టలేనంత కాలేది. ఆ పక్క గోడకు ఆనుకున్న వేళ్లే ముందు మాడతాయి. పాత్ర ఎంత చిన్నదైతే లోపలి మట్టితో పోల్చి చూసినప్పుడు దాని ఉపరితలం అంత ఎక్కువ, అంత త్వరగా వేడెక్కుతుంది. పూలకుండీలో అంజూర బతకలేక ఈడుస్తుండడానికి ఇదొక కారణం. డ్రమ్ముకు రెండు పూతలు సున్నం కొట్టాం. ఖర్చు యాభై రూపాయలు కూడా కాలేదు.

బొగ్గు దుమ్ము మాట కూడా పూర్తిగా తీసిపారేయలేం. అంజూర ఆకు గరుకు, దాని మీద సన్నని నూగు. దుమ్ము పడితే నున్నటి రావి ఆకు మీదిలా జారిపోదు. నల్లటి పొర వెలుతురును అడ్డుకుంటుంది, ఎండను పీల్చి ఆకును వేడెక్కిస్తుంది. వారానికోసారి పొద్దున్నే నీళ్లతో కడిగితే చాలు. సాయంత్రం కడగకూడదు, రాత్రంతా తడిసి ఉన్న ఆకు బూజుజాతి తెగుళ్లకు పిలుపు.

చేతి మీద మచ్చలు

ఒక పొరపాటు నా సలహా వల్లే జరిగింది. కొమ్మలు గుబురుగా ఉన్నాయి, రెండు తీసేస్తే గాలి ఆడుతుందన్నాను. మర్నాడు మావయ్య బనియను మీదే మిట్టమధ్యాహ్నం కత్తెర పట్టుకున్నాడు. తెగిన చోటల్లా తెల్లటి పాలు కారాయి. చేతుల మీద పడినవి లుంగీకి తుడుచుకున్నాడు. రెండో రోజుకు ముంజేతుల మీద ఎర్రటి చారలు, ఆపైన బొబ్బలు. వేడి నీళ్లు పడినట్టే ఉంది. ఎలర్జీ అనుకున్నాం. తర్వాత చారలు నల్లబడ్డాయి, ఆ నలుపు రెండు నెలలకు గానీ పోలేదు.

ఇది ఎలర్జీ కాదు, వెలుతురు చేసిన పని. అంజూర పాలల్లో, ఆకుల్లో సోరాలిన్, బెర్గాప్టెన్ అనే పదార్థాలున్నాయి. చీకట్లో అవి చర్మానికి పెద్దగా హాని చేయవు. ఎండలోని అతినీలలోహిత కాంతిలో 320 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉండే కిరణాలు తగిలితే సోరాలిన్ అణువు ఆ శక్తిని పీల్చుకుని చర్మకణాల్లోని డీఎన్ఏకు అతుక్కుంటుంది. కణం దెబ్బతింటుంది, ఒకటి రెండు రోజుల్లో బొబ్బ లేస్తుంది. ఇదే గుణాన్ని మోతాదులో వాడితే మందు. బొల్లికి మన పెద్దలు వాడిన బావంచాల గింజల్లో ఉన్నదీ సోరాలినే. ఆస్పత్రుల్లో సోరియాసిస్, బొల్లికి సోరాలిన్ ఇచ్చి అతినీలలోహిత కాంతి పట్టే చికిత్స ఉంది. డాక్టరు లెక్కగట్టి ఇచ్చేది వేరు, మధ్యాహ్నం ఎండలో చేతులకు పూసుకున్నది వేరు.

అందుకని అంజూర కొమ్మ కోసేవాళ్లు పొద్దు వాలాక కోయాలి. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకోవాలి. పాలు అంటితే తుడవడం కాదు, వెంటనే సబ్బుతో కడగాలి. పిల్లలను ఆకులతో ఆడనివ్వకూడదు. నేను ఈ మాట ముందు రోజే చెప్పి ఉండాల్సింది.

నూనె చుక్క

జూన్ మొదటి వారంలో ఒక సరదా ప్రయోగం చేశాం. అంజూర కాయ పెరుగుదల మూడు అంచెల్లో సాగుతుంది. మొదట గబగబా పెరుగుతుంది, తర్వాత కొన్ని వారాలు గట్టిగా, ఆకుపచ్చగా అలాగే ఉండిపోతుంది, చివర కొద్ది రోజుల్లో ఉబ్బి, రంగు మారి, తీపెక్కుతుంది. పండులోని చక్కెరలో ఎక్కువ భాగం ఈ చివరి అంచెలోనే చేరుతుంది. రెండో అంచె చివర్లో కాయ కన్ను మీద ఒక చుక్క నూనె రాస్తే మూడో అంచె ముందే మొదలవుతుంది. మధ్యధరా ప్రాంతపు తోటల్లో ప్రాచీన కాలం నుంచి ఉన్న పద్ధతి ఇది. నూనె తగిలిన కాయ ఇథిలీన్ వాయువును విడుదల చేయడం మొదలుపెడుతుంది. అరటి గెలను పండించేదీ ఈ వాయువే.

అక్కడ ఆలివ్ నూనె వాడతారు. మా దగ్గర ఉన్నది వేరుశనగ నూనె. ఆరు కాయలు ఎంచుకుని మూడింటికి ఎర్ర దారం, మూడింటికి తెల్ల దారం కట్టాం. ఎర్ర దారం కాయలకు అగ్గిపుల్లతో నూనె అద్దాం. వారం తిరక్కుండా ఎర్ర దారం కాయలు మూడూ మెత్తబడి మెడ వాల్చాయి. తెల్ల దారం కాయలు ఇంకా రాళ్లలాగే ఉన్నాయి. ఆరు కాయలతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. కానీ తొలకరికి ముందే పళ్లు దించుకోవాలనుకునే వాళ్లకు ఇది పనికొచ్చే చిట్కా. మరీ లేత కాయకు రాస్తే మాత్రం చప్పగా పండుతుంది, దండగ.

ఇంకో మాట. అంజూర కోశాక మామిడిలా మగ్గదు. పచ్చిగా కోస్తే పచ్చిగానే వాడిపోతుంది. కాయ మెడ వంగి కిందికి వేలాడినప్పుడే కోయాలి. అప్పటికే పిగిలిపిట్టలు, ఉడతలు కనిపెట్టి ఉంటాయి. పాత పేపరుతో పొట్లాలు కట్టి కాయలకు తొడగడం అత్తయ్య పని.

వాన మొదలయ్యాక

గతౌరాలో అంజూరకు అసలు పరీక్ష వేసవి కాదు, వాన. ఈ ప్రాంతంలో ఏడాది వర్షంలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరులోపే కురుస్తుంది. అంజూర పొడి నేలల చెట్టు. పుణె రైతులు వేసవి కాపును మీఠా బహార్ అనీ, వానాకాలపు కాపును ఖట్టా బహార్ అనీ అంటారు. ఆ పేర్లలోనే తేడా ఉంది.

జూలైలో రెండు రోజుల ఎండ తర్వాత ఒక పెద్ద వాన పడింది. తెల్లారేసరికి మిగిలిన కాయలు నక్షత్రాల్లా పగిలాయి. తీపెక్కిన కాయ కణాల్లో చక్కెర చిక్కగా ఉంటుంది, ద్రవాభిసరణం వల్ల నీటిని బలంగా లాగుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. గుండ్రటి బుడగ గోడ మీద పడే తన్యత, లోపలి ఒత్తిడిని వ్యాసార్థంతో గుణించి గోడ మందానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. అంటే కాయ పెద్దదైన కొద్దీ, తొక్క పలచబడిన కొద్దీ అదే ఒత్తిడికి పగిలే అవకాశం ఎక్కువ. పండబోయే కాయకు రెండూ వర్తిస్తాయి. డ్రమ్ము మీద ఒక రేకు వాలుగా పెడితే వేళ్లకు వాన నీరు ఒక్కసారిగా అందదు. నేలలోని చెట్టుకు అది కుదరదు, డ్రమ్ముకున్న మేలు అది. ఇక్కడి కన్హార్ నేల, అంటే నల్ల బంకమట్టి, వానలో రోజుల తరబడి నీటిని వదలదు. అంజూర వేళ్లు అంతకాలం ఊపిరాడక బతకలేవు.

ఆగస్టుకల్లా ఆకుల పైన పసుపు చుక్కలు, అడుగున తుప్పు రంగు పొడి కనిపించాయి. ఇది తుప్పు తెగులు. మన దేశంలో అంజూరను ఎక్కువగా బాధించే శిలీంధ్రపు తెగులు ఇదే. రాలిన ఆకులను పోగుచేసి పారేయడం సగం వైద్యం. మిగతా సగం ఒక శాతం బోర్డో మిశ్రమం. లీటరు నీటికి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం. ప్లాస్టిక్ బక్కెట్టులోనే కలపాలి, మైలుతుత్తం ఇనుమును తింటుంది. తెగులు ముదిరాక కాదు, వానలకు ముందే ఒకసారి కొట్టి ఉంటే ఆకులు నిలిచేవి. ఆ ఏడు సెప్టెంబరుకు చెట్టు మోడైంది. మావయ్య దాన్ని నరికేద్దామా అన్నాడు. అత్తయ్య ఒప్పుకోలేదు.

కొమ్మల మూట

జనవరి 31న మావయ్య రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేయాలి. విజయనగరంలో కట్టుకున్న ఇంటికి వెళ్లిపోతున్నారు. డ్రమ్ము బరువు మట్టితో కలిపి వంద కిలోల పైమాటే. సామాను లారీలో ఎక్కించినా వేళ్లు కదిలిపోతాయి. పైగా ఆ మట్టిలో ఏముందో తెలియదు. వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులు అంజూరకు పెద్ద శత్రువులు, మట్టితోపాటే ప్రయాణిస్తాయి.

అంజూరకు డ్రమ్ముతో పనిలేదు. కొమ్మ చాలు. 2006లో ఇజ్రాయెల్, అమెరికా పరిశోధకులు జోర్డాన్ లోయలోని గిల్గాల్ అనే పాత ఆవాసంలో దొరికిన, మసిబారిన అంజూర కాయలను పరీక్షించారు. వాటి వయసు 11,200 నుంచి 11,400 ఏళ్లు. గింజల్లో పిండాలు లేవు. గింజ మొలవని చెట్టు నిలవాలంటే ఎవరో కొమ్మ విరిచి నాటి ఉండాలి, కాబట్టి గోధుమ, బార్లీల కన్నా ముందే మనిషి సాగుచేసిన మొక్క ఇదేనని వాళ్ల వాదన. అడవి అంజూరలోనూ కందిరీగ చేరని కాయలు అలా మిగలవచ్చని మరికొందరు అభ్యంతరం చెప్పారు. ఆ వాదన ఇంకా తెగలేదు. తెగినా తెగకపోయినా, పుణె చెట్టు, గతౌరా చెట్టు, రేపటి విజయనగరం చెట్టు జన్యుపరంగా ఒకే చెట్టు.

మావయ్య రెండేళ్ల కిందట ఒకసారి కొమ్మలు నాటి ఓడిపోయాడు. వారం పది రోజుల్లో చిగుళ్లు వచ్చాయి, సంబరపడి ఎండలో పెట్టాడు, మూడూ ఎండిపోయాయి. ఆ చిగుళ్లు వేళ్లు వచ్చాయనడానికి గుర్తు కాదు. కొమ్మలో దాచుకున్న ఆహారంతో ఆకు ముందే వస్తుంది. వేళ్లకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు ఆకు నీటిని ఆవిరి చేస్తూనే ఉంటుంది, తెచ్చిపెట్టే వేరు లేదు. అందుకే కుండీ మీద పాలిథిన్ సంచి బోర్లించి నీడలో ఉంచాలి. లోపలి గాలి తేమతో నిండితే ఆకు నుంచి నీరు పోయే వేగం పడిపోతుంది.

ఈసారి జాగ్రత్తగా చేశాం. సాయంత్రం ఆరు దాటాక, నిండు చేతుల చొక్కా వేసుకుని, ఏడాది వయసున్న, పెన్సిలు కన్నా కాస్త లావు కొమ్మలు ఎంచుకున్నాం. ఒక్కొక్కటి 20 నుంచి 25 సెంటీమీటర్లు, మూడు నాలుగు కణుపులు. కింది కోత కణుపుకు కాస్త దిగువన వాలుగా, పై కోత అడ్డంగా తిన్నగా. ఏది పైనో ఏది కిందో మర్చిపోకుండా ఈ గుర్తు. వేళ్లను పుట్టించే ఆక్సిన్ అనే హార్మోను కొమ్మలో పైనుంచి కిందికే నడుస్తుంది, తలకిందులుగా నాటితే అది తికమకపడుతుంది. ఆకుల మీద పసుపు మరకలు ఉన్న కొమ్మను వదిలేశాం. అంజూర మొజాయిక్ వైరస్ కొమ్మతోపాటే కొత్త ఊరు చేరుతుంది. కోత పాలు కడిగి, ఒక రాత్రి ఆరనిచ్చి, తడి గుడ్డలో చుట్టి, పైన పేపరు, ఆపైన పాలిథిన్.

పన్నెండు కొమ్మలు. రెండు పక్క క్వార్టరుకు, రెండు నాకు, ఎనిమిది విజయనగరానికి. డ్రమ్మునూ అందులోని చెట్టునూ తర్వాత వచ్చే కుటుంబానికి వదిలేశారు. వాళ్ల కోసం అత్తయ్య ఒక అట్టముక్క మీద హిందీలో రాసి డ్రమ్ముకు కట్టింది: మే నెలలో రోజుకు రెండుసార్లు నీళ్లు, చొక్కా వేసుకుని కొయ్యండి, పండులో పురుగుండదు.

విజయనగరంలో ఏమవుతుందో చూడాలి. అక్కడ ఎండ ఇంత ఉండదు గానీ సముద్రపు తేమ ఉంటుంది. తుప్పు తెగులుకు అది ఇష్టమైన వాతావరణం. గాలి బాగా ఆడే దక్షిణపు మూల, ఎత్తైన మట్టి గుట్ట, వానలకు ముందే బోర్డో, ఇదీ మా పథకం. కోర్బా నుంచి విశాఖపట్నం వెళ్లే ఎక్స్‌ప్రెస్ గతౌరా మీదుగానే పోతుంది. వాళ్లు దాన్ని బిలాస్‌పూర్‌లో ఎక్కారు. కొమ్మల మూటను అత్తయ్య సామానులో పెట్టనివ్వలేదు, ఒళ్లో పెట్టుకుంది. మార్చి రెండో వారంలో ఫోటో పంపింది. ఎనిమిదిలో అయిదు చిగురించాయి. పాలిథిన్ సంచి ఇంకా తీయొద్దని చెప్పాను.